మిగిల్చిన అన్నం

సందెదీపం పెట్టాక మా మామ్మ బియ్యం కొలిచేది. బియ్యపు బానలోకి ఇత్తడి సోల దించి, నిండా ముంచి, పైన అరచేత్తో ఓసారి నిమిరి చేటలో పోసేది. ఆవిడ లెక్కలో ఒకటి లేదు. మొదటి సోలకి "లాభం" అనేది, తరవాతే రెండు, మూడు. ధాన్యం కొలిచేవాళ్ళు అప్పట్లో అలాగే అనేవారు. ఇంట్లో ఎంతమంది ఉన్నాం, పాలేరు రాత్రికి ఉంటాడా, చుట్టాలెవరన్నా దిగారా, అన్నీ మనసులోనే వేసుకుని కొలత ముగించేది. ముగించాక ఇంకో సోల ముంచేది. దానికి అంకె చెప్పేది కాదు. "ఇది పొద్దుటికి" అనేది.

నేను చెప్పదలుచుకున్నది ఆ చివరి సోల గురించి.

చద్దన్నం అంటే రాత్రి తినగా మిగిలిపోయిన అన్నం అని ఇప్పుడు చాలామంది అనుకుంటారు. నా పిల్లలూ అలాగే అనుకున్నారు. మా ఇంట్లో అది మిగిలిపోయిన అన్నం కాదు, మిగిల్చిన అన్నం. పొద్దున్నే తినేవాళ్ళ కోసం ముందురాత్రే కొలిచి, కడిగి, వండి, ఎవరూ చెయ్యిపెట్టకుండా పక్కనుంచిన అన్నం. మిగిలిపోయినదాన్ని తినేవాళ్ళకి చిన్నతనం ఉండొచ్చు. మనకోసం ఒకరు మిగిల్చి ఉంచినదాన్ని తినడంలో చిన్నతనం ఏముంటుంది?

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో, తణుకుకీ ఆచంటకీ మధ్య, కాలవగట్టు మీది ఊరు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవలు పారిన నేల అది. ఎటుచూసినా వరే. నాకు ఊహ తెలిసేనాటికి, అంటే 1960ల మధ్యకి, మాకు మూడున్నర ఎకరాల పొలం, రెండు గేదెలు, ఒక జత ఎడ్లు, తాటాకు కప్పిన వంటిల్లు, దానికి ఎదురుగా పశువుల సావిడి. ఇంట్లో తొమ్మిదిమందిమి. పొద్దుట పూట తొమ్మిదిమందీ తినేది చద్దే. ఇడ్లీ అట్లూ పండక్కో, జ్వరం తగ్గాక పథ్యానికో, అంతే.

రాత్రి అందరి భోజనాలూ అయ్యాక మామ్మ ఆ అన్నాన్ని మట్టికుండలోకి ఎత్తేది. వేళ్ళతో వదులుగా విడదీసి, మెతుకు మునిగేదాకా నీళ్ళు పోసేది. చలికాలం అన్నం పులవడానికి మొండికేస్తుంది. అందుకని పుష్యమాసంలో కాస్త గంజి కలిపి, కుండని పొయ్యిపక్కన బూడిద వెచ్చదనం తగిలేచోట పెట్టేది. ఎండాకాలం తెల్లారేసరికి మరీ పులిసిపోతుంది. ఆ రోజుల్లో నడిరేయి లేచి నీళ్ళు వంచి కొత్తనీళ్ళు పోసేది. ఇన్ని డిగ్రీల వేడి, ఇన్ని గంటలు అన్న లెక్క ఆవిడకి తెలియదు. కుండమీద చెయ్యి ఆనించి చూసేది, మూత తీసి వాసన చూసేది, అంతే.

పిల్లలకి వేరే గిన్నె. అందులో అన్నం మీద గోరువెచ్చటి పాలు పోసి, రెండు చుక్కల మజ్జిగ వేసి తోడు పెట్టేది. తెల్లారేసరికి ఒక్కో మెతుకూ చుట్టూ పెరుగు పట్టి ఉండేది. కుండా గిన్నే రెండూ ఉట్టెక్కేవి. పడుకునేముందు నేను చూసే చివరి వస్తువు ఆ ఉట్టి. కిరసనాయిలు బుడ్డి వెలుగులో దాని నీడ గోడమీద మెల్లగా ఊగేది. రేపటి తిండి ఇంట్లో ఉంది అన్న ధైర్యంతో నిద్రపోయేవాణ్ణని ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు అది ధైర్యమని కూడా తెలియదు.

పొద్దున్నే కచికతో పళ్ళు తోముకుని వంటింటి గడప దగ్గర వరసగా కూర్చునేవాళ్ళం. సత్తు పళ్ళాలు. కుండలో చెయ్యిపెట్టి మామ్మ అన్నం పిండి తీసి వడ్డించేది. నీళ్ళు కిందకి జారే చప్పుడుతోబాటు ఆ వాసన వచ్చేది. దాన్ని పులుపు అంటే సరిపోదు. తడిసిన మట్టి, మజ్జిగ, చల్లటి గంజి, మూడూ కలిసిన వాసన. ఆ మెతుకు నోట్లో నలగదు, జారుతుంది. ఉప్పురాయి, పచ్చిమిరపకాయ, నాలుగు ఉల్లిపాయ చెక్కలు ఉంటే చాలు. ఇంకేదన్నా ఉందంటే ఆ రోజు అదృష్టం. నిప్పులమీద కాల్చిన ఉప్పుచేప ముక్క, నూనెలో వేగిన చల్లమిరపకాయ, మాగాయ టెంక, వేసవిలో అయితే రసం మామిడిపండు. పండు పిండుకుని పెరుగన్నంలో కలిపి తిన్న చెయ్యి మధ్యాహ్నందాకా వాసన వేసేది.

ఆవకాయ గురించి నాకంటే బాగా రాసినవాళ్ళు ఎందరో ఉన్నారు కనక ఆ జాడీ మూత తీయను. చేపల పులుసు మాట మాత్రం చెప్పాలి. రాచ్చిప్పలో కాచిన కొరమేను పులుసు రాత్రి తింటే బాగుంటుంది. మర్నాడు పొద్దున అడుగున చిక్కబడ్డాక చద్దన్నంలో వేసుకుంటేనే అది పులుసు. పులుపంతా ముక్కలోకి దిగి, రాతి చల్లదనానికి కాస్త గడ్డకట్టినట్టయ్యేది. మామ్మ ఆ తల ముక్క ఎప్పుడూ రాత్రి వడ్డించేది కాదు. దాన్నీ పొద్దుటికే మిగిల్చేది. బడికి బయల్దేరే ముందు ఎవరి వంతు వస్తే వాళ్ళ పళ్ళెంలో వేసేది. ఈ వారం ఎవరి వంతో ఆవిడకి ఎప్పుడూ మతిమరుపు రాలేదు.

ఆ వంటిల్లు నడిచిన తీరు తలుచుకుంటే నాకు ఒక్కో వంట విడిగా గుర్తురాదు. ఒకదాని కొస ఇంకోదానికి ముడిపడి ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు కుడితి గోలెంలోకి. వార్చిన గంజి కొంత చద్దికి, కొంత తరవాణికి, కొంత నాన్న పంచెలకి, మిగతాది గేదెకి. ఆ గేదె పేడే పిడకలై దాలిగుంటలో రాజుకునేది. ఆ దాలిమీదే పాలు కాగేవి. పొద్దున పెట్టిన పాలకుండ మధ్యాహ్నందాకా సన్నసెగన ఉడికి, పాలు లేత ఎరుపు తిరిగి, వేలు మందాన మీగడ కట్టేది. ఆ పాలకి తోడేస్తే వచ్చిన పెరుగులోని కమ్మదనం ఇప్పుడు ఏ పాకెట్లోనూ లేదు. ఇది పాతకాలం మీద మోజుతో అంటున్న మాట కాదు. నాలుగైదు గంటలు సన్నసెగన కాగిన పాలకీ, ఒక్కపొంగు వచ్చిన పాలకీ తేడా ఎవరైనా ఇంట్లో కాచి చూసుకోవచ్చు.

బియ్యం కూడా అంతే. ఇంటి ధాన్యం ఆడవాళ్ళే రోట్లో పోసి రోకళ్ళతో దంచేవారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరి పోటు తరవాత ఒకరు. చెరిగితే వచ్చిన తవుడు గేదెలకి, నూకలు కోళ్ళకీ ఉప్పుపిండికీ, ఊక పొయ్యికీ. పొయ్యి బూడిద అంట్లు తోమడానికీ, బీర పాదుకీ. ఆ బీరకాయ మళ్ళీ పప్పులోకీ, దాని తొక్కు పచ్చట్లోకీ. పారేసే వస్తువంటూ వంటింట్లో ఉన్నట్టు నాకు గుర్తులేదు. చెత్తబుట్ట అనేదాన్ని నేను మొదటిసారి పట్నంలోనే చూశాను.

తరవాణి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. అది ఒక కుండ, ఎప్పుడూ ఖాళీ కాని కుండ. వంటింటి ఈశాన్యం మూల పసుపూ బొట్టూ పెట్టుకుని, దేవుడి పటం పక్కన ఉండేది. రోజూ కాస్త గంజి, కాస్త బియ్యం కడుగు నీళ్ళు, గుప్పెడు అన్నం అందులో పడేవి. దబ్బాకులు, వామాకులు వేసేవారు. రోజురోజుకీ పులిసి తేట పైకి తేలేది. వేసవిలో ఆ తేట ఉప్పేసుకుని తాగితే ఎండదెబ్బ తగలదని ఊరంతా నమ్మేది. తీసినంత తీసి, మళ్ళీ అంత పోసేవారు. మా కుండలోని తరవాణికి మూలం మామ్మ కాపరానికి వచ్చినప్పుడు వాళ్ళ అత్తగారి కుండలోంచి తీసి పోసినది. ఆవిడకి వాళ్ళ అత్తగారిది. అంటే నేను తాగిన తేటలో ఎన్ని తరాల పులుపు ఉందో. కొత్తకోడలికి ఆ కుండని అప్పగించడం తాళాలగుత్తి అప్పగించినంత పని. మా అమ్మకి పెళ్ళయిన ఆరేళ్ళకి గాని అప్పగించలేదట. "ఇంకనించీ నువ్వే చూసుకోవే అమ్మాయ్" అన్న రోజున అమ్మ దండం పెట్టుకుని అందులో మొదటి గంజి పోసిందట.

ఇంతవరకూ తియ్యటి సంగతులే చెప్పాను. ఇంకో పక్క కూడా చెప్పకపోతే నేను అబద్ధం రాసినట్టవుతుంది.

మా పాలేరు పళ్ళెం ఇంట్లో ఉండేది కాదు. పశువుల సావిట్లో, చూరులో దోపి ఉండేది. పొద్దున్నే పేడతీసి, గేదెలకి కుడితి పెట్టాక అతను ఆ పళ్ళెం తీసుకుని కడుక్కుని పెరటి గుమ్మానికి దూరంగా కూర్చునేవాడు. అమ్మో మామ్మో పైనుంచి వడ్డించేవారు. అన్నం తక్కువ పెట్టిన రోజు లేదు. మాకు పెట్టిన చద్దే, మాకు వేసిన నంచుడే. మామ్మ ముంచిన చివరి సోలలో అతని వాటా కూడా ఉంది. అయినా పళ్ళెం చూరులోనే ఉంది. నాకు తొమ్మిదో ఏడో పదో ఏడో వచ్చినప్పుడు ఒకసారి వర్షంలో ఆ పళ్ళెం తెచ్చి మా పళ్ళాలపక్కన పెట్టాను. మామ్మ ఏమీ అనలేదు. తీసి, తుడిచి, తిరిగి చూరులో పెట్టింది. పెట్టి తిరిగి వస్తూ నా మొహం చూడలేదు. అది తప్పు. ఇన్నేళ్ళూ ఆవిడ మీద ఎంత ప్రేమ ఉన్నా ఆ తప్పుని కప్పిపుచ్చలేకపోయాను, పుచ్చను.

రెండోది ఆడవాళ్ళ తిండి. మగవాళ్ళు, పిల్లలు, పాలేరు, ఆ తరవాత ఆడవాళ్ళు, అందరికంటే ఆఖర్న మామ్మ. పంట చేతికి రావాలంటే మార్గశిరం రావాలి. కార్తీకం వచ్చేసరికి గాదె అడుగు కనిపించేది. ఆ రోజుల్లో సోలమీద నిమిరే అరచెయ్యి కాస్త లోతుగా నిమిరేది. చూసేవాళ్ళకి తెలియదు, పక్కన కూర్చునే నాకు తెలిసేది. చివరి సోల మాత్రం మానేది కాదు. మరి ఎక్కడ తగ్గించేది? ఒకరోజు నీళ్ళకోసం వంటింట్లోకి వెళితే కనపడింది. కుండలో అన్నం అయిపోయింది. మామ్మ గోడవైపు తిరిగి కూర్చుని ఆ చద్దినీళ్ళలో ఉప్పేసుకుని, దబ్బాకు చిదిపి తాగుతోంది. నన్ను చూసి "ఇదే బలంరా అబ్బాయ్, మెతుకులో ఏముంది" అంది. చాలా ఏళ్ళు ఆ మాట నిజమని నమ్మాను. ఇప్పుడు చద్దినీళ్ళ గొప్పదనం గురించి ఎవరు చెప్పినా నాకు గోడవైపు తిరిగిన ఆ వీపు కనిపిస్తుంది.

అందుకే పాతరోజులన్నీ బంగారమని అనలేను. మా పక్కనే ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే రైతు 1967లో ఐ.ఆర్.8 వరి పండించి దిగుబడి చూపించాక మా వైపు చేలే మారిపోయాయి. ఆ అన్నం చల్లారితే బిరుసెక్కేది, చద్దికి బాగుండేది కాదని మామ్మ సణిగేది. కాని ఆ గింజ వచ్చాకే మా గాదె అడుగు కార్తీకంలో కనిపించడం మానేసింది. తరవాత 1982లో మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. మా పాలేరు వాళ్ళుండే పేటలో పొయ్యి వెలగని రాత్రులు తగ్గాయి. ఆకలి తగ్గినందుకు బాధపడేవాడు మనిషి కాదు.

చద్ది ఆకలితోబాటు పోవాల్సిన పని లేదు. అయినా పోయింది. ఎలా పోయిందో నేను దగ్గరుండి చూశాను.

మొదట రోకళ్ళు ఆగాయి. ధాన్యం మిల్లుకి వెళ్ళి తెల్లగా, నున్నగా తిరిగొచ్చింది. తవుడు మిల్లులోనే ఉండిపోయింది. ఆ తెల్లబియ్యపు అన్నం రాత్రంతా నీళ్ళలో నానితే మెతుకు విరిగి ముద్దయ్యేది. తరవాత ప్రెషర్ కుక్కర్ వచ్చింది. దానితో వచ్చిన మార్పు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. కుక్కర్లో అత్తెసరే, గంజి వార్చేది లేదు. గంజి లేకపోతే తరవాణి కుండలో పోసేదేమిటి? కుడితిలో కలిపేదేమిటి? నాన్న పంచెలు ఇస్త్రీ కొట్టుకి వెళ్ళాయి. తరవాణి కుండ నాలుగునాళ్ళు ఎండి, పగుళ్ళిచ్చి, బావి దగ్గర తులసి మొక్కకి ఆసరా అయింది. గేదెల్ని అమ్మేశాక దాలిగుంట పూడ్చేశారు. ఒక్క గిన్నె మారితే వంటిల్లంతా విడిపోయింది. అమ్మకి మాత్రం ఆ కుక్కర్ పెద్ద విశ్రాంతి. తాటాకు వంటింట్లో పొగకి మండి మండి ఎర్రబడిన ఆవిడ కళ్ళు నాకు తెలుసు కనక దాన్ని తిట్టలేను.

వాటన్నిటికంటే ముందు పోయింది గౌరవం. పెనుగొండలో, తణుకులో కాఫీ హోటళ్ళు నిండాయి. పొద్దున్నే టిఫిను తినేవాడు చదువుకున్నవాడు, చద్ది తినేవాడు పొలం మనిషి అన్న మాట ఊళ్ళోకి వచ్చింది. చుట్టాలొస్తే చద్దికుండ మూలకి జరిగేది. నేను భీమవరంలో కాలేజీలో చదువుతుండగా దసరా సెలవులకి నా స్నేహితుణ్ణి ఇంటికి తీసుకొచ్చాను. బస్సు దిగి గడపలో అడుగుపెడుతూనే మామ్మ దగ్గరికి వెళ్ళి, "రేపు పొద్దున్న ఆ కుండ బయటికి తియ్యకు మామ్మా, వాడి ముందు బాగోదు" అన్నాను. ఆవిడ నా వంక ఓసారి చూసి, "సరేలే నాన్నా" అంది. మర్నాడు ఇడ్లీ చేసింది. అప్పటికప్పుడు నానబోసి, రాత్రి పొద్దుపోయాక రుబ్బి, ఆ వయసులో. స్నేహితుడు లొట్టలేసుకుంటూ తిన్నాడు. నేనూ తిన్నాను. అతను వెళ్ళిపోయిన తరవాత కూడా నా పళ్ళెంలో మామ్మ మళ్ళీ చద్ది వడ్డించలేదు. నేను అడిగితే పెట్టేది. నేను అడగలేదు.

మా అత్తయ్యల ఇళ్ళలో, పక్కింట్లో, ఎదురింట్లో ఇలాంటి మాటే ఎవరో ఒక కొడుకో మనవడో అని ఉంటాడు. చద్దిని ఆపేసిన ఆజ్ఞ ఏదీ పైనుంచి రాలేదు. చదువుకున్న మేమే ఒక్కో ఇంట్లో ఒక్కో మాట అని ఆపించాం. పోతన భాగవతంలో కృష్ణుడు గోపబాలలతో కలిసి చల్దులారగించే ఘట్టాన్ని తరగతిలో చదివి మురిసినవాళ్ళమే ఇంటికొచ్చి ఆ చల్దినే దాచమన్నాం.

1986 ఆగస్టు వచ్చింది. ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి పారిన ఏడు. గట్లు తెగాయి. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి సెలవుమీద ఊళ్ళో ఉన్నాను. లంకల నుంచి, లోతట్టు ఊళ్ళ నుంచి జనం రాత్రంతా పడవలమీదా, నడిచీ మా కాలవగట్టుకి చేరారు. తడిసిన బట్టలు, చంకల్లో పిల్లలు, తాళ్ళకి కట్టిన దూడలు. తెల్లవారేసరికి గట్టుపొడుగునా మనుషులే. ఊళ్ళో కట్టెలన్నీ నీళ్ళోడుతున్నాయి. ఏ పొయ్యీ అంటుకోవడం లేదు. గ్యాసు బండ ఉన్న ఇళ్ళు మూడో నాలుగో. అంతమందికి వండాలంటే మధ్యాహ్నం దాటుతుంది. పిల్లలు ఏడుస్తున్నారు.

మొదటి కుండ పేటలోంచి వచ్చింది. గట్టుకి దగ్గర ఇళ్ళు వాళ్ళవే. మా పాలేరు భార్య నెత్తిన చద్దికుండ పెట్టుకుని గట్టెక్కి, దించి, పిల్లల చేతుల్లో పెట్టడం మొదలుపెట్టింది. వెనకే ఇంకో కుండ, ఇంకోటి. మా ఇంట్లో అమ్మ కుక్కర్ వాడుతున్నా మామ్మ తనకోసమూ పాలేరుకోసమూ రాత్రి చద్ది వేస్తూనే ఉందని నాకు ఆ రోజు తెలిసింది. డెబ్బయ్యయిదేళ్ళావిడ ఆ కుండని చంకనెత్తుకుని గట్టుమీదకి వచ్చింది. ఊళ్ళో ఇంకా చద్ది వేస్తున్న ఇళ్ళన్నీ కదిలాయి. ఎక్కువగా ముసలివాళ్ళున్న ఇళ్ళూ, కూలికెళ్ళే ఇళ్ళూ. పళ్ళాలు లేవు. బాదమాకులు, అరటాకు ముక్కలు, ఒట్టి దోసిళ్ళు. ఎవరి కుండలోది ఎవరు తిన్నారో ఆ పొద్దున ఎవరూ అడగలేదు. మామ్మ తన కుండ అయిపోయాక పాలేరు భార్య పక్కన కూర్చుని ఆవిడ కుండలోంచి తీసి పంచింది. చివర్న మిగిలిన పిడికెడు ఇద్దరూ చెరో ముద్ద నోట్లో వేసుకున్నారు. నేను చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం ఇంటికొచ్చాక మామ్మ బియ్యం కొలవబోతూ నన్ను పిలిచింది. "పొద్దున్నే ఎవరొస్తారో మనకేం తెలుసురా? అందుకే సోలెడు ఎక్కువ పొయ్యమనేది మా అత్త" అంది. అంతకుముందు ఎప్పుడూ ఆ సోలకి కారణం చెప్పలేదు. ఆ తరవాతా చెప్పలేదు. ఆ వారంలోనే చూరులోని పళ్ళెం వంటింటి గూట్లోకి వచ్చింది. ఎవరు తెచ్చారని నేను అడగలేదు.

మామ్మ 1991లో పోయింది.

ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు ఒడిశాలో, బరంపురంలో ఉన్నాను. పక్కింటివాళ్ళు మొదటి వేసవిలోనే భోజనానికి పిలిచారు. వెళితే కంచుగిన్నెలో నీళ్ళన్నం, కాస్త పెరుగు, వేయించిన ఆకుకూర, చేపముక్క, ఉల్లిపాయా వెల్లుల్లీ వేసి నలిపిన వడియాల పొడి. పఖాళ అన్నారు. అతిథికి పెట్టడానికి వాళ్ళు సంకోచించలేదు సరికదా, ఇంతకంటే మంచిది మా దగ్గర లేదన్నట్టు పెట్టారు. పూరీ జగన్నాథుడికీ అదే నైవేద్యమని చెప్పారు. ఇప్పుడు ఏటా మార్చి 20న పఖాళ దినమని పండగ చేసుకుంటున్నారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నాకు భీమవరం స్నేహితుడు వచ్చిన ఆ పొద్దుట గుర్తొచ్చింది. రాష్ట్రం సరిహద్దు దాటితే గౌరవంగా ఉన్న అన్నం, మా గడపలో సిగ్గుగా ఎందుకు మారిందో ఆలోచిస్తూ తిన్నాను.

హైదరాబాదులో ఇప్పుడు హోటళ్ళలోనూ చద్దన్నం దొరుకుతోంది. మట్టిచిప్పలో పోసి, పక్కన ఉల్లిపాయా ఎండుమిరపకాయా పెట్టి ఇస్తున్నారు. కుర్రవాళ్ళు ఇష్టంగా తింటున్నారు. ఒంటికి మంచిదని లెక్కలు చెబుతున్నారు. నాకు సంతోషమే. రుచి కూడా దగ్గర్లోనే ఉంది. కాని అది ఇంటి చద్ది కాలేదు. డబ్బిచ్చినవాడికే ఆ చిప్ప. మామ్మ కుండలో ఎవరి పేరూ రాసిలేని ఒక ముద్ద ఎప్పుడూ ఉండేది.

మామ్మ సోల నా దగ్గరుంది. అంచు ఓ చోట సొట్టపోయింది, అడుగున మావాళ్ళ ఇంటిపేరు చెక్కి ఉంది. ఇంట్లో ఇప్పుడు ఇద్దరమే. కుక్కర్‌తోబాటు వచ్చిన ప్లాస్టిక్ కప్పు పక్కనపెట్టి దీనితోనే కొలుస్తున్నాను. కొన్నాళ్ళుగా రాత్రిపూట గిన్నెలో గంజి వారుస్తున్నాం. ఇద్దరికి సరిపడా కొలిచాక మరో గుప్పెడు పోస్తాను. పొద్దున్నే పనికొచ్చే అమ్మాయీ, మేమూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటాం. మొన్న సెలవులకి వచ్చిన మనవరాలు మొదటిరోజు మొహం చిట్లించింది, మూడో రోజు ఉప్పు చాల్లేదంది.

మీ ఇంట్లో పెద్దావిడ ఉంటే, వెనకటికి రాత్రిపూట ఎన్ని సోలలు కొలిచేవారో, చివరిది ఎవరికోసమో ఈ రాత్రే అడగండి. ఆవిడ చెబుతున్నంతసేపూ మధ్యలో మాట్లాడకండి.